తీగలు తొమ్మిదోచోట కలిశాయా, లేదా

ఆ రోజుల్లో నాకు అర్థం కానిదల్లా ఒక్కటే, నాకేమీ అర్థం కాలేదన్న సంగతి. మిగిలినవన్నీ అర్థమయ్యాయనే అనుకునేదాన్ని. ఇంజనీరింగ్ మూడో ఏడులో కంప్యూటర్ గ్రాఫిక్స్ అనే సబ్జెక్టు ఉండేది. అందులో ఒక పాఠం, కాగితం మీద గీసిన రెండు వంకర గీతలు ఎక్కడెక్కడ కలుసుకుంటాయో కంప్యూటర్ చేత ఎలా కనిపెట్టించాలి అన్నది. మనిషికైతే ఇదొక పనే కాదు. చూస్తాం, వేలు పెట్టి చూపిస్తాం. కంప్యూటర్‌కు కళ్ళు లేవు గనుక దానికి వేరే దారి చెప్పాలి. మా సార్ చెప్పిన దారి ఇది. ఒక్కో గీత చుట్టూ ఒక పెట్టె గీయాలి. రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి తాకకపోతే లోపలి గీతలు కూడా తాకవు, అక్కడితో పని అయిపోయింది. తాకితే మాత్రం ఒక్కో గీతనూ సగానికి విరిచి, ఒక్కో సగానికీ ఇంకా చిన్న పెట్టె గీసి మళ్ళీ చూడాలి. తాకనివాటిని పారెయ్యాలి, తాకినవాటిని మళ్ళీ విరవాలి. పెట్టెలు తగినంత చిన్నవయ్యాక ఆపెయ్యాలి. అప్పుడు మిగిలిన పెట్టె ఎక్కడుందో గీతలు కలిసేదీ అక్కడే. నేను చెయ్యెత్తి, "తగినంత అంటే ఎంత సార్?" అని అడిగాను. ఆయన కాసేపు కిటికీలోంచి హైవే మీద పోతున్న లారీలను చూసి, "పరీక్షలో తగినంత అనే రాయమ్మా, చాలు" అన్నారు. అలాగే రాశాను. పదహారుకు పదిహేను మార్కులు వచ్చాయి. పోయిన ఆ ఒక్కటి ఎక్కడ పోయిందో తెలియక నెల రోజులు కుమిలిపోయాను గానీ, వచ్చిన పదిహేనూ ఎందుకు వచ్చాయో ఒక్కసారీ ఆలోచించలేదు.

చదువు అయ్యాక ఎనిమిది నెలలు ఇంట్లో ఖాళీగా ఉన్నాను. మా నాయిన మేడ్చల్ బస్ డిపోలో మెకానిక్కు. డిపో ఎదురుగా ఉన్న హోటల్లో ఆయనతో కలిసి చాయ్ తాగే ఒకాయనకు కంప్యూటర్ తెలిసిన పిల్ల కావాలని తెలిసి, నాయిన నా సర్టిఫికెట్లన్నీ బస్సు కాగితాల సంచిలో పెట్టుకుని వెళ్ళి ఆయనకు చూపించి వచ్చాడు. ఆయనకు మేడ్చల్ నుంచి షామీర్‌పేట పోయే దారిలో పొలం ఉండేది. అందులో కొంత అమ్మి, చెక్క మీద పువ్వులూ దేవుళ్ళూ చెక్కే కంప్యూటర్ మిషన్ ఒకటి కొని, మిగిలిన పొలంలో రేకుల షెడ్డు వేసి, అందులో దాన్ని ప్రతిష్ఠించాడు. (ప్రతిష్ఠించాడు అని ఊరికే అనలేదు. రోజూ పొద్దున దానికి బొట్టు పెట్టేవాడు, శుక్రవారం నిమ్మకాయ కట్టేవాడు. చెప్పులు విప్పితే గానీ దాని దగ్గరికి పోనిచ్చేవాడు కాదు.) అందుకని ఆయన్ను అందరూ మిషన్ సారు అనేవాళ్ళు. షెడ్డులో ఇంకొక మనిషి చాచా. ముప్పై ఏళ్ళు ఉలి పట్టి తలుపులు చెక్కిన మేస్త్రీ. కళ్ళు మసకబారాక, మిషన్ చెక్కినవాటికి పాలిష్ పేపరు రాసి నునుపు చేసే పనికి కుదిరాడు. మిషన్ నడుస్తున్నంతసేపూ దాని మొహంలోకి, అంటే దానికి మొహం ఉండే చోటికి, చిన్నపిల్లల ఆట చూసినట్టు చూస్తూ కూర్చునేవాడు.

మొదటి రోజే మిషన్ సారు నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. తలుపుల మీద ఎక్కువగా అడిగేవి పెనవేసుకున్న తీగలు. రెండు తీగలు ఎదురైన చోట ఒకటి పైనుంచి పోతే రెండోది దాని కిందికి దూరినట్టు కనబడాలి. అంటే కింది తీగను చెక్కుతున్నప్పుడు ఆ చోటు రాగానే మిషన్ తన బిట్టును, అంటే చెక్కే మొనను, పైకెత్తి, అవతల మళ్ళీ దించాలి. ఎత్తాల్సిన చోటు దానంతట దానికి తెలియదు. అంతకు ముందున్న ఆపరేటర్ ఒక్కో చోటునూ చేత్తో గుర్తుపెట్టేవాడట. అతను వేరే షెడ్డుకు పోయాడు.

"నువ్వు ప్రోగ్రాం రాసినవంటె, రెండు తీగలు ఏడేడ కలుస్తయో గదే దొర్కవట్టాలె. మనిషి చెయ్యి తగలొద్దు," అన్నాడు సారు.

"వేలు పెట్టి చూపిస్తే అయిపోతది కద సార్," అన్నాను నేను. ఉద్యోగం వచ్చిన తొలి గంటలోనే దాన్ని పోగొట్టుకునే మాట అదని నాకు తెలియదు.

"వేలితోనే చూపెట్టేదుంటె నువ్వెందుకు బిడ్డా? వేళ్ళు నాకు గూడ ఉన్నయి." ఆయన పది వేళ్ళూ చాపి చూపించాడు. "నెల దినాలు చూస్త. షామీర్‌పేట అవ్వ తలుపు ఒక్కటి ఒడ్డెక్కియ్యి, ఇగ నువ్వు పర్మనెంట్. కాకపోతె మీ నాయినతోని చాయ్ గూడ బంద్."

ఇక్కడ మా నాయిన సంగతి కూడా చెప్పాలి. కూతురు కంప్యూటర్ ఉద్యోగంలో చేరిందని ఆయన అప్పటికే డిపో అంతా చెప్పేశాడు. నిజామాబాద్ పోయే బస్సుల డ్రైవర్లకు ప్రత్యేకంగా చెప్పాడు, అటువైపు మా చుట్టాలు ఎక్కువ గనుక. నేను ఇంటికి వచ్చేస్తే ఆ కబురు కూడా అవే బస్సుల్లో పోవాలి.

షామీర్‌పేట అవ్వ అంటే షామీర్‌పేటకు అవతల ఒక ఊళ్ళో పెద్ద పట్టాదారుల ఇంటి ముసలమ్మ. వాళ్ళు పాత ఇల్లు విప్పి కొత్తది కట్టుకున్నారు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టేశారు. ఇల్లంతా కొడుకు ఇష్టప్రకారం కట్టించాడు గానీ, పూజగది తలుపు దగ్గర అవ్వ అడ్డం పడింది. పాత ఇంటి పూజగది తలుపు మీద అడుగు నుంచి పై దాకా రెండు తీగలు పెనవేసుకుని ఉండేవి. ఆ తలుపుకు చెదలు పట్టి లోపల గుల్లైపోయింది గనుక దాన్నే బిగించే వీలు లేదు. అచ్చం అలాంటిదే కావాలన్నది అవ్వ. చెక్క కూడా వాళ్ళే ఇచ్చారు, పాత ఇంటి టేకు దూలం కోయించి. కోయగా ఒకే ఒక్క తలుపుకు సరిపోయింది. తప్పు పోతే ఇంకో దూలం లేదు.

పాత తలుపు నమూనా తీసుకురావడానికి నేనే బస్సెక్కి వెళ్ళాను. నాలుగు చార్టులు, ఒక నల్ల క్రేయాన్ వెంట ఉన్నాయి. తలుపు వాళ్ళ బర్రెల కొట్టంలో గోడకు ఆనించి ఉంది. దాని మీద కాగితం పరిచి క్రేయాన్‌తో రుద్దితే, ఉబ్బెత్తుగా ఉన్నవన్నీ నల్లగా తేలతాయి. రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దే ఆటే అది. అవ్వ చెంగు నడుముకు దోపుకుని ఒక పాత బట్ట తెచ్చింది.

"ఆగు బిడ్డా, జెర తుడుస్త. ఎన్నొద్దుల సంది పడున్నదో."

"వద్దవ్వా, దేన్నీ కదిలియ్యొద్దు. ఉన్నది ఉన్నట్టే కావాలె నాకు."

"తుడుస్తె ఏమైతది?"

"మారిపోతది అవ్వా. తర్వాత కంప్యూటర్ల సరిగ్గ రాదు." (కంప్యూటర్ పేరు చెబితే పెద్దవాళ్ళు ఊరుకుంటారని నాకు అప్పటికే తెలుసు. ఆ నాలుగేళ్ళ చదువులో నాకు గట్టిగా వంటబట్టిన విద్య అదొక్కటే.)

అవ్వ నా వైపు ఒక రకంగా చూసి, బట్టను భుజం మీద వేసుకుంది. "నీ ఇష్టం. గీ తలుపు తుడువొద్దని నాతోని అన్న మనిషివి నువ్వొక్కదానివే," అన్నది.

నేను రుద్దుతున్నంతసేపూ పక్కనే గడ్డిమోపు మీద కూర్చుని మాట్లాడుతూనే ఉంది. కొత్త ఇంట్లో అన్నీ కొత్తవేనట. స్విచ్చు ఎక్కడుందో తెలియదట. పండుకుని లేస్తే ఏ గదిలో ఉన్నదీ తెలియక గోడలు పట్టుకుని నడుస్తున్నదట. "పాతింట్ల గట్ల కాదు బిడ్డా. కండ్లు మూసుకొని పోయి గా తలుపు మీద చెయ్యి పెడ్తె, ఇగ ఇంట్ల ఉన్న అనిపిస్తుండె. గందుకే చెప్తున్న, ఒక్క ఆకు మారొద్దు." అవ్వ ఇచ్చిన సల్ల, అంటే మజ్జిగ, తాగి, చార్టులు చుట్టుకుని, ఒక్క ఆకు కూడా మారనివ్వనని మాట ఇచ్చి వచ్చాను. ఆ మాట ఇచ్చేటప్పుడు నా గొంతులో ఉన్న ధీమా తలుచుకుంటే ఇప్పుడు నాకే చెమటలు పడతాయి.

షెడ్డులో చార్టులను ఫోటో తీసి, కంప్యూటర్‌లో పెట్టి, తీగల అంచులనూ నడుములనూ చుక్క చుక్కగా నొక్కుతూ గీతలుగా మార్చాను. నాలుగు రోజులు పట్టింది. నల్లగా ఏది తేలితే అది గీశాను. తీగ వంపు తిరిగితే తిరిగాను, వణికితే వణికాను. తర్వాత ప్రోగ్రాం రాశాను. పెట్టెలు, విరవడం, పారెయ్యడం అన్నీ రాసుకుంటూ పోయి చివరికి పాత చోటికే వచ్చి ఆగిపోయాను. పెట్టె ఎంత చిన్నదైతే ఆపాలి? కంప్యూటర్‌కు తగినంత అని చెబితే వినదు, అంకె అడుగుతుంది. ఒక్క ఆకు మారొద్దన్నది గదా అని నాకు తెలిసిన అన్నిటికన్నా చిన్న అంకె వేశాను. దశాంశ బిందువు తర్వాత పదకొండు సున్నాలు, ఆ తర్వాత ఒక ఒకటి. వేశాక ఆ సున్నాల వరసను చూసుకుని చాలా తృప్తి పడ్డాను.

ప్రోగ్రాం నడిపాను. కన్ను మూసి తెరిచేలోగా అడుగు నుంచి పైకి ఎనిమిది చోట్లు చెప్పేసింది. ఎనిమిదీ సరైనవే. తొమ్మిదో చోటు దగ్గరికి వచ్చేసరికి కంప్యూటర్ ఫ్యాను గట్టిగా తిరగడం మొదలుపెట్టింది. తెర మీద అంకెలు వరదలాగా వస్తున్నాయి. పది నిమిషాలయ్యాక చూస్తే, అక్కడ ఆ రెండు తీగలూ కొన్ని వేల చోట్ల కలుస్తున్నాయని ఉంది. నేను తప్పు రాశానేమోనని మొదటి నుంచి చదివాను. తప్పు లేదు. పెట్టె చిన్నదనం సరిపోలేదేమోనని ఇంకో రెండు సున్నాలు పెంచాను. ఈసారి ఎనిమిదే వచ్చాయి, తొమ్మిదో చోట అసలు కలవలేదన్నది. ఒక సున్నా తీసేస్తే మళ్ళీ వేలు. ఒక వారం రోజులు నా బతుకు ఇదే. పొద్దున కలుస్తాయి, మధ్యాహ్నం కలవవు, సాయంత్రం కలవడం తప్ప ఇంకో పని లేనట్టు కలుస్తూనే ఉంటాయి.

ఎందుకలా అవుతున్నదో తర్వాత ఎప్పుడో అర్థమైంది గనుక ఇక్కడే చెప్పేస్తాను, మీరైనా నాలాగా తిప్పలు పడకుండా. మిగతా ఎనిమిది చోట్లా తీగలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి, నాలుగు రోడ్ల కూడలిలాగా. ఆ చోటు ఎక్కడో చెప్పడం తేలిక. తొమ్మిదో చోట మాత్రం దాటవు. ఒకటి వచ్చి రెండోదాన్ని ఒరుసుకుని వెనక్కి పోతుంది. డిపోలో రెండు బస్సులు పక్కపక్కనే ఆనుకుని నిలబడ్డాయనుకోండి, సరిగ్గా ఎక్కడ ఆనుకున్నాయని అడిగితే ఏమని చెబుతాం? ఇక్కడంటే ఇక్కడ, కాస్త అవతలంటే అవతల. ఇంకా పట్టి పట్టి చూస్తే మధ్యలో వెంట్రుకంత సందు ఉందేమో, అసలు ఆనుకోనేలేదేమో. నేను కంప్యూటర్ చేత అలా పట్టి పట్టి చూపిస్తున్నాను.

ఇంట్లో నాయిన రోజూ అన్నం ముందు కూర్చుని అడిగేవాడు. "ఏమాయె బిడ్డా, దొర్కినయా గీతలు?"

"గీతలు పోలేదు నాయినా. అవి కలిసే చోటు దొర్కుతలేదు."

"ఎన్ని దొర్కాలె?"

"తొమ్మిది. ఎనిమిది దొర్కినయి."

"ఎనిమిది దొర్కె కద. ఒక్కటి పోతె పోనియ్యి."

"అది పోతలేదు నాయినా. వేల సార్లు వస్తాంది."

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. తర్వాత లోపల మా అమ్మతో, "పిల్లకు ఎండ తగిలినట్టుంది, జెర నిమ్మకాయ పిండి ఇయ్యి," అనడం వినిపించింది.

గృహప్రవేశం దగ్గరపడుతోంది. మిషన్ సారు ఓపిక పట్టలేక, ముందు ప్లైవుడ్ మీద ఒకసారి కోసి చూద్దామన్నాడు. కలవలేదన్న లెక్క కంటే కలిశాయన్న లెక్కే మర్యాదగా ఉంటుందనిపించి, వేల చోట్లున్న లెక్కనే పంపాను. మిషన్ ఎనిమిది కూడళ్ళనూ అందంగా దాటింది. ఎక్కడ ఎత్తాలో అక్కడ ఎత్తింది, ఎక్కడ దించాలో అక్కడ దించింది. సారు మొహం వెలిగిపోయింది. తొమ్మిదో చోటుకు వచ్చేసరికి దానికి పూనకం వచ్చింది. ఎత్తు, దించు, ఎత్తు, దించు, కుట్టు మిషన్‌లాగా టకటకమని ఆ ఒక్క చోటే కొడుతూనే ఉంది. సారు పరుగెత్తి వెళ్ళి కరెంటు తీసేశాడు. (చెప్పులతోనే వెళ్ళాడు. ఆ తర్వాత మిషన్‌కు దండం పెట్టి లెంపలు వేసుకున్నాడు.) చాచా ఆ ప్లైవుడ్ ముక్కను వెలుతురుకు ఎత్తి పట్టుకుని అందులోంచి నన్ను చూశాడు.

"జల్లెడ మస్తు చేసినవ్ బేటీ. పిండి జల్లించుకోవచ్చు."

మిషన్ సారు నవ్వలేదు. గోడ మీది క్యాలెండర్‌లో ముహూర్తం రోజు చుట్టూ గీసిన సున్నాను వేలితో కొట్టి, "ఇగ నాలుగు దినాలు. ఎల్లుండి టేకు ఎక్కించాలె. నీతోని అయితదో కాదో రేపటికి చెప్పు. కాకపోతె వేరేటోన్ని చూసుకుంట," అన్నాడు. వేరేటోడు అంటే వేలు పెట్టి చూపించేవాడు. పదిహేను మార్కులు తెచ్చుకున్న నేను ఒక వేలికి ఓడిపోబోతున్నాను.

మర్నాడు నేను టిఫిన్ డబ్బా మూత కూడా తీయకుండా కూర్చున్నాను. చాచా తన రొట్టెల మూట విప్పుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"క్యా పరేషాన్ బేటీ, చెప్పు. గా కంప్యూటర్ డబ్బా ఏమంటాంది?"

"తొమ్మిదో చోట వేల సార్లు కలుస్తయంటాంది చాచా. లేకపోతె అసలే కలువవంటాంది."

"నీ గీత ఎంత మందం?"

"గీతకు మందం ఉండదు చాచా." ఇది మాత్రం నాకు గట్టిగా తెలుసు, ఇంటర్‌లోనే చెప్పారు.

"మందం లేకుంటె ఎట్ల కనబడ్తది?"

ఆ సంగతి ఇంటర్‌లో చెప్పలేదు. చాచా లేచి వెళ్ళి మిషన్ బిట్టు ఒకటి పట్టుకొచ్చాడు. దాని మొన బాల్‌పెన్ను రీఫిల్ అంత లావుంటుంది, మూడు మిల్లీమీటర్లు. చార్టును నేల మీద పరిపించి, "నీ వేల సుక్కలు యాడున్నయి?" అన్నాడు. తొమ్మిదో చోటు చూపించాను. బిట్టును తెచ్చి నిలువుగా అక్కడ పెట్టాడు.

"ఇగ చూపెట్టు."

"బిట్టు కిందికి పోయినయి చాచా."

"అన్నీనా?"

"అన్నీ."

"మరి గీ బిట్టుకు అవి వెయ్యా, ఒక్కటా?"

రొట్టె తుంచి పచ్చడిలో అద్దుకుంటూ మామూలుగా అడిగాడు. నా చెవుల్లో మాత్రం కాలేజీ కిటికీ బయట లారీలన్నీ ఒక్కసారి హారన్ కొట్టినట్టయింది. మూడు మిల్లీమీటర్ల మొన ఉన్న మిషన్‌కు నేను పన్నెండు దశాంశాల దాకా లెక్క చెబుతున్నాను. బిట్టు కంటే సన్నగా దేన్నీ చెక్కలేని దానికి, బిట్టు కంటే చిన్న పెట్టెలు ఎందుకు? బిట్టు మందం దగ్గర ఆపేసి, ఆ మందంలో పడ్డవాటన్నిటినీ ఒక్కటే అనుకుంటే చాలు. తగినంత అంటే అంత. పోయిన ఆ ఒక్క మార్కు చాచా పచ్చడి గిన్నె పక్కన దొరికింది.

వెంటనే కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తి సున్నాలన్నీ కొట్టేసి మూడు అని వేశాను. ప్రోగ్రాం అప్పటికప్పుడే జవాబు చెప్పింది, తీగలు కలిసేది ఒకే ఒక్క చోట, ఆ చోటు తలుపంతా అని. (లెక్కలన్నీ మీటర్లలో రాసుకున్నానని, నేను వేసిన మూడు మూడు మీటర్లయిందని తెలియడానికి ఇంకో గంట పట్టింది.) చాచా తెర వైపు కళ్ళు చిట్లించి చూసి, "గంత గూడ వద్దు బేటీ," అన్నాడు. సరిచేశాను. తొమ్మిది వచ్చాయి. ఇంకోసారి నడిపాను, తొమ్మిది. కంప్యూటర్ ఆపి, తెరిచి, నడిపాను. తొమ్మిదే. నాకు తృప్తిగా లేదు సరికదా, ఇంకా భయం వేసింది. ఇన్నాళ్ళూ మాట మార్చినది ఇప్పుడు ఒకే మాట మీద నిలబడితే నమ్మడమెలా?

ఎల్లుండి రానే వచ్చింది. టేకు పలకను మిషన్ మీద బిగించారు. బిగించేటప్పుడు దాని మీద పాత ఇంటి పొగ మసి ఇంకా ఒక మూల అలాగే ఉండడం చూశాను. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా చెక్కింది. ఒక్కో కూడలి దాటినప్పుడల్లా మిషన్ సారు వేలు ముడిచేవాడు. ఎనిమిదో వేలు ముడిచాక ఇక చూడలేక నేను షెడ్డు బయటికి వచ్చి కంకర మీద నిలబడ్డాను. టకటకలు వినబడతాయేమోనని చెవులు రిక్కించాను. వినబడలేదు. ఒక్కసారి మోత ఆగి, మళ్ళీ అందుకుంది, అంతే. ఎత్తింది, దించింది. లోపలి నుంచి చాచా, "రా బేటీ, జల్లెడ కాలే," అని పిలిచాడు. వెళ్ళి చూస్తే తొమ్మిదో చోట ఒక తీగ వచ్చి రెండోదాని భుజం మీద తల వాల్చినట్టుంది.

సాయంత్రం అవ్వే స్వయంగా ఆటోలో వచ్చింది తలుపు చూసుకోవడానికి. బల్ల మీద పడుకోబెట్టి ఉన్న తలుపు దగ్గరికి వచ్చి, చూడకుండా కళ్ళు మూసుకుంది. కుడిచేతి రెండు వేళ్ళూ చాపి, ఒక్కో వేలును ఒక్కో తీగ మీద పెట్టి, అడుగు నుంచి పైకి నడిపించడం మొదలుపెట్టింది. వేళ్ళు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతున్నాయి. పెదవులు కదులుతున్నాయి. మిషన్ సారు చేతులు కట్టుకుని నా వైపు చూస్తున్నాడు. నేను చాచా వైపు చూస్తున్నాను. చాచాకు మసక గనుక ఎటు చూస్తున్నాడో తెలియదు. ఎనిమిది దాటి పైకి పోయిన వేళ్ళు తొమ్మిదో చోట టక్కున ఆగిపోయాయి. అవ్వ కళ్ళు తెరిచింది. వంగి, కళ్ళు తలుపుకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూసింది.

"గిదేంది?"

నాకు నిజామాబాద్ పోయే బస్సులన్నీ వరసగా కనిపించాయి.

"గీడ తీగ లేదు బిడ్డా. గీ మొగ్గ కాడ్నే తీగ అయిపోతది. గిది చెద పురుగులు కట్టిన మట్టి దారి."

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత కొంచెం అర్థమైంది. ఆ తర్వాత పూర్తిగా అర్థమై, కూర్చోవడానికి ఏదైనా ఉందా అని చుట్టూ చూశాను. చెదలు చెక్క మీద పాకేటప్పుడు మట్టితో సన్నటి దారి కట్టుకుంటాయి కదా, ఉబ్బెత్తుగా, వంకర వంకరగా. అదే క్రేయాన్ కింద నల్లగా తేలింది. అదే నేను చుక్క చుక్కగా గీసింది. తుడవబోయిన ఆవిడను వద్దని ఆపి మరీ గీసింది. వారం రోజులు పన్నెండు దశాంశాల దాకా నేను వెతికినది, ఒక టేకు తీగకూ ఒక చెద పురుగుల దారికీ కుదిరిన కలయిక.

"అవ్వా, మీరే కద ఒక్క ఆకు మారొద్దన్నది," అన్నాను. మిషన్ సారు, "పోనియ్యి అవ్వా, చాచా ఉలితోని గీకి తీసేస్తడు," అని ముందుకు వచ్చాడు. చాచా లేచి ఉలి అందుకున్నాడు కూడా.

అవ్వ చెయ్యి ఆ చోటు మీద కప్పినట్టు పెట్టేసింది. "ఆగు, ముట్టకు." కాసేపటికి ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నదేమో అనుకున్నాను. నవ్వుతోంది. "నేను కాపురానికొచ్చినప్పటి సంది ఉన్నది గిది. పొద్దుగాల తుడుస్తె పది దినాల్ల మల్ల కడ్తయి. మల్ల తుడుస్త, మల్ల కడ్తయి. మా అత్త రోజు తిడుతుండె, తలుపు గూడ తుడుస్తలేవు, కండ్లు యాడ పెట్టినవని. నేను తుడువంగనే రాలేదని ఒక్కనాడు నమ్మలే." ఆమె రెండు వేళ్ళూ మళ్ళీ అడుగుకు తెచ్చుకుంది. కళ్ళు మూసుకుని పైదాకా నడిపించి, మట్టి దారి మీదికి కూడా పోనిచ్చి, అక్కడ ఆపింది. "గిదే తలుపు. గిది లేకుంటె నాకు గుర్తే పట్టరాకపోవు. ఇగ ఎంత తుడిచినా పోదు, ఎవ్వలు నన్ను తిట్టరు."

అవ్వ పోయాక మిషన్ సారు చాలాసేపు తలుపు చుట్టూ తిరిగాడు. నన్ను మెచ్చుకోవాలో తిట్టాలో తేలక చివరికి మిషన్‌కు దండం పెట్టుకున్నాడు. నేను సంచి సర్దుకుని, రేపటి నుంచి రావాలా వద్దా అని అడగలేక గుమ్మం దగ్గర నిలబడ్డాను. "రేపు జల్దీ రా. కీసర నుంచి ఒకాయన నెమళ్ళ తలుపు అడుగుతాండు," అన్నాడు, నా వైపు చూడకుండానే. తర్వాత ఒక్క మాట కలిపాడు. "వచ్చేటప్పుడు గుడ్డ ఒకటి తెచ్చుకో. ముందుగాల తుడువు." ఆ షెడ్డులో మూడేళ్ళు పనిచేశాను.

ఇప్పుడు మాకు ఏడు నెలల పాప. పేట్ బషీరాబాద్‌లో ఉంటున్నాం. టీకాల పుస్తకంలో బరువు పట్టిక ఒకటుంది చూశారా, అందులో పిల్లల బరువు ఎలా పెరగాలో చూపించే గీత అచ్చేసి ఉంటుంది. నెలనెలా నర్సమ్మ పాపను తూచి బాల్‌పెన్నుతో ఒక చుక్క పెడుతుంది. ఆ చుక్కలన్నీ కలిపి నేనొక గీత గీశాను. అది అచ్చు గీతకు కొద్దిగా కింద నడుస్తోంది. రెండూ ఎప్పుడు కలుస్తాయి, అసలు కలుస్తాయా అని, పాప పడుకున్నాక ఆ పుస్తకం ముందేసుకుని కూర్చుంటాను. పెన్సిల్‌తో పెట్టెలు గీస్తాను, సగానికి విరుస్తాను. నిన్నటి లెక్క ప్రకారం తొమ్మిదో నెలలో కలుస్తాయి, మొన్నటి లెక్క ప్రకారం కలవవు. డాక్టరమ్మ మాత్రం, "బాగానే ఉంది, పాలు తగినంత పట్టండి చాలు," అన్నది. నేను చెయ్యెత్తినంత పని చేసి, "తగినంత అంటే ఎంత మేడమ్?" అని అడిగాను. ఆవిడ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

ఇది రాస్తూ మధ్యలో లేచి ఆ పుస్తకం మళ్ళీ తీశాను. పాప చుక్కకూ అచ్చు గీతకూ ఎంత దూరముందో స్కేలు పెట్టి కొలుద్దామనుకుంటే, నర్సమ్మ బాల్‌పెన్ను చుక్కే ఆ దూరమంత లావుగా ఉంది. బిట్టు కిందికి పోయినట్టు నా దిగులంతా ఆ చుక్క కిందికి పోయింది. పచ్చడి అద్దుకున్న రొట్టె ముక్క చేతిలో పట్టుకుని చాచా ఎదురుగా కూర్చున్నట్టే అనిపించి నవ్వొచ్చింది. పెన్సిల్ గీతలన్నీ రబ్బరుతో తుడిచేశాను. ఇన్నాళ్ళకు నాకు ఇది అర్థమైందనే అనుకుంటున్నాను. (ఆ రోజుల్లో కూడా ఇలాగే అనుకునేదాన్ని. స్కేలు ఇంకా దిండు కిందే ఉంది.)